యాపచెట్టు కింది విల్లీస్

దీపావళి దాటి చలి ముదురుతుండంగ జమ్మికుంటకు పత్తిబండ్లు దిగేటివి. వావిలాల దిక్కు నుంచి, వీణవంక దిక్కు నుంచి, ఇల్లందకుంట దిక్కు నుంచి తెల్లారకముందే ఎడ్ల మెడల గంటలు మోగుకుంట, బండి వెనుక బండి మార్కెట్ దాక బారు కట్టేటివి. ఎడ్ల పేడ, వరిగడ్డి, మంచుకు చెమ్మగిల్లిన పత్తి, అడ్తి దుకాణాల ముందర మరుగుతున్న చాయ, ఇవన్ని కలిసి ఆ నెలల్ల ఊరంతటికి ఒక్కటే వాసన ఉండేది. నడుమ నుంచి రైలు పట్టాలు, కాజీపేట నుంచి బలార్షా పోయే లైను. గేటు పడ్డదంటే ఇటు బండ్లు ఇటే, అటు బండ్లు అటే. ఆ ఎడ్లబండ్ల నడుమ ఒక మిలిటరీ జీపు ఇంజన్ బంద్ చెయ్యకుంట గుడగుడమనుకుంట నిలబడేది. బంద్ చేస్తే మళ్ల చాలూ అయితదో కాదోనని మా చిన్నబాపుకు భయం. గేటు ఎత్తేదాక ఎక్సలేటర్ మీద కాలు తీయకపోయేది.

అది రైసుమిల్లు సేటు జీపు. మా చిన్నబాపు ఆ మిల్లుల డ్రైవరు. సేటు అంబాసిడర్ కొనుక్కున్నంక, బాకీపడ్డ జీతం కింద కొంత, రొక్కం కింద కొంత లెక్కగట్టి జీపును చిన్నబాపుకే ఇచ్చేసిండు. ఆనాడు దాన్ని తెచ్చి వాకిట్ల యాపచెట్టు కింద నిలబెడితే బాపమ్మ గడపల నిలబడి చూసి, "పాలిచ్చే బర్రెను తేరాదుర కొడుకా, తాగుడే తప్ప ఇచ్చుడు లేనిదాన్ని తెస్తివి" అన్నది. అన్నదిగని కొబ్బరికాయ కొట్టింది, ముందటి జాలీకి పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టింది, నిమ్మకాయలు టైర్ల కింద పెట్టించింది. అప్పటికి నేను మూడోతరగతో నాలుగోతరగతో. అప్పటి నుంచి పదోతరగతి పరీక్షలు రాసేదాక నా తాతీళ్లన్ని ఆ చెట్టుకిందనే గడిచినయి.

జీపుకు స్టీరింగు ఎడమచెయ్యి దిక్కు ఉండేది. ముందటి జాలీకి తొమ్మిది సందులు. పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందనే, పెట్రోలు పొయ్యాలంటే చిన్నబాపు లేచి సీటు ఎత్తాలె. ముందటి అద్దం బానెట్ మీదికి పండవెట్టొచ్చు. అన్నిటికన్న నాకు నచ్చిన ముచ్చట దాని దీపాలు. చెవుల నట్టు ఒకటి వదులు చేసి హెడ్‌లైటును వెనుకకు మలిపితే అది ఇంజన్‌లకు చూసేది. రాత్రిపూట యుద్ధంల ఎక్కడన్న ఆగిపోతే తన దీపం కిందనే తనను బాగు చేసుకునేటట్టు చేసిన్రు దాన్ని. మా వాకిట్ల కరెంటు పోయిన రాత్రులు, ఆ 6 వోల్టుల బ్యాటరీ ఇచ్చే పసుప్పచ్చ వెలుగుల చిన్నబాపు కార్బురేటర్ విప్పుతుంటే, ఆ పక్కనే మంచం మీద పండుకొని నేను ఎక్కాలు చదువుకునేది.

అది ఎక్కడ పుట్టిందో పెద్దయినంక తెలిసింది. రెండో ప్రపంచ యుద్ధంల అమెరికా సైన్యానికి జీపులు కావలసివచ్చి, ఒహాయో రాష్ట్రం టొలీడోల విల్లీస్ ఓవర్‌ల్యాండ్ కంపెనీ సుమారు 3,60,000 చేసింది. అవి చాలక అదే నమూనా ఇస్తే ఫోర్డు కంపెనీ ఇంకో 2,80,000 దాక చేసింది. అస్సాంల లేడో నుంచి బర్మా మీదుగ చైనాకు రోడ్డు వేసిన అమెరికా సైన్యం యుద్ధం ఒడిసినంక తెచ్చిన బండ్లల్ల మస్తు ఈ దేశంలనే విడిచిపోయింది. అవి వేలంపాటల్ల అమ్ముడుపోయి, చేతులు మారి మారి, అడవి కంట్రాక్టర్లకు, మిల్లుల సేట్లకు, గడీల దొరలకు చేరినయి. 1947ల మహీంద్రా వాళ్లు ముందుగాల 75 జీపుల విడిభాగాలు విల్లీస్ నుంచి తెప్పించుకొని బొంబాయిల బిగించుడు మొదలుపెట్టిన్రు. తర్వాత మా దిక్కు కనవడ్డ ఎత్తు బానెట్ జీపులన్ని ఆ వంశంవే. జమ్మికుంటల పత్తి బేళ్లు మోసిన ఫార్గో, డాడ్జ్ లారీలు గూడ అమెరికా పేర్లవే, బొంబాయి ప్రీమియర్ వాళ్లు క్రైస్లర్ కంపెనీ ఒప్పందంతోని బిగించినవి. షెవర్లేలు అంతకన్న ముందే, 1928 నుంచి, జనరల్ మోటార్స్ బొంబాయి కార్ఖానల తయారయినయి. 1950ల నడుమల జనరల్ మోటార్స్ దేశం విడిచిపోయింది. వాళ్లు పోయినంక ఆ బండ్లను బతికిచ్చినోళ్లు యాపచెట్ల కింద కూసున్న ఉస్తాద్‌లు, వాళ్ల చేతి కింది పోరగాండ్లు. నేను ఇది రాసేది వాళ్ల కోసమే.

చిన్నబాపుకు ఈ చరిత్ర ఏదీ తెల్వదు. ఆయనకు తెలిసింది బోల్టులు. ఫోర్డు వాళ్లు తాము చేసిన బోల్టుల తలల మీద 'ఎఫ్' అక్షరం పొడిచేటోళ్లు. మా జీపు విల్లీస్‌దే గని, గ్యాస్‌నూనెల కడిగి బట్టతోని తుడిచి పళ్లెంల పేర్చినంక చూస్తే ఎఫ్ ఉన్న బోల్టులు చానా కనవడేటివి. నాకు ఇంగ్లీషు అక్షరాలు కొత్తగ వచ్చిన రోజులు. "చిన్నబాపు, ఇది ఎఫ్, ఇది ఉత్తది" అని వేరువేరు కుప్పలు పెడితే ఆయన ఒక్కొక్కటి వేలితోని తడిమి, "అయితే ఇది ఒక బండి కాదుర, రెండు బండ్ల పెండ్లి" అని నవ్విండు. యాడనో బర్మా అడవిల సగం సచ్చిన రెండు జీపులను కలిపి ఏ మిలిటరీ మెకానిక్కో ఒకటి చేసుంటడని ఆయన లెక్క. అట్ల చేయవచ్చు గూడ. ఒకదాని సామాను ఇంకోదానికి ఒక్క నూలు తేడా లేకుంట కూసునేటట్టు చేసిన్రు వాటిని.

చిన్నబాపు పని నేర్చుకున్నది కాజీపేటల ఒక ఉస్తాద్ దగ్గర. ఉస్తాద్ నిజాం కాలంల బండ్ల మీద చెయ్యి తిరిగిన మనిషి, నాకు తెలిసేసరికే గడ్డం నెరిసింది. చెవుల పెన్సిల్, మెడల చెమట తువాల. ఏడాదికి ఒకసారన్న, బిజిగిరి షరీఫ్ దర్గా ఉర్సుకు రైల్ల వచ్చినప్పుడు, మా ఇంటికొచ్చి జీపు చూసి పోయేటోడు. వచ్చుడు వచ్చుడే చాయ తాగకముందే బానెట్ మీద అరచెయ్యి పెట్టి, "చాలూ కర్ బేటా" అనేటోడు. పెద్ద పేచ్‌కస్ కొసను ఇంజన్‌కు ఆనిచ్చి, పిడిని చెవికి ఆనిచ్చుకొని, కండ్లు మూసుకొని వినేటోడు. ఏ బేరింగు అరుగుతుందో, ఏ టాపెట్ వదులుందో అట్లనే చెప్పేటోడు. చిన్నబాపు అంతసేపు చేతులు కట్టుకొని నిలబడేటోడు. ఉస్తాద్ ముందర బీడీ ముట్టియ్యడు, మంచం మీద కూసోడు. బాపమ్మ ఉస్తాద్‌కు ఇత్తడి గిలాసల చాయ, పళ్లెంల సర్వపిండి ఇచ్చేది. ఆయన ఆమెను "అమ్మా" అని పిలిచి తలకాయ వంచుకొని తినేటోడు.

పని మొదలువెట్టే రోజు ఇంట్ల పండుగే. వాకిలి ఊడ్చి, సాన్పు చల్లినంక ఆరేదాక ఆగి, గోనెసంచులు కోసి పరిచేటోళ్లం. దాని మీద పానాలు, రింగుపానాలు, పక్కడ్, సుత్తె, పేచ్‌కస్‌లు వరుసగ. ఒక పాత తాంబాలంల గ్యాస్‌నూనె. నా పని నట్లు, బోల్టులు, వాషర్లు కడుగుడు. కడిగినవి ఏ జాగ నుంచి తీసినయో ఆ జాగ తీరుగనే పెట్టాలె, ముందు ముందే, వెనుక వెనుకే. మా మేనత్త కొడుకు పని టైర్లు. ఎడమ దిక్కు చక్రాల నట్లు ఉల్టా మరవి, మామూలుగ విప్పే దిక్కు తిప్పితే ఇంకింత బిగుసుకపోతయి. బండి ముందుకు పోతుంటే ఆ తిరుగుడుకు వదులుగావద్దని అట్ల చేసిన్రట. బోల్టు కొసకు ఎడమ అని చెప్పే 'ఎల్' గుర్తు ఉంటది, మట్టి పట్టి కనవడదు. గోరుతోని గీరి చూసుకొని పానా వెయ్యాలని చిన్నబాపు మాకు మొదటి రోజే చెప్పిండు.

ఒక్కో కాలానికి ఆ జీపుకు ఒక్కో రోగం. ఎండకాలం పెట్రోలు పైపుతోని తిప్పలు. ఇంజన్ వేడికి పెట్రోలు పైపులనే ఆవిరై, కార్బురేటర్‌కు అందక, బండి రెండుసార్లు దగ్గినట్టు చేసి నిలబడేది. దానికి మందు తడిబట్ట. బాపమ్మ చినిగిన చీరెల పేలికలు సీటు కింద ఎప్పుడూ ఉండేటివి. పైపుకు, పంపుకు చుట్టి సీసాల నీళ్లు మెల్లగ పోస్తే కొంచెంసేపటికి మళ్ల కదిలేది. శ్రీరామనవమికి ఇల్లందకుంట రాములోరి కల్యాణానికి పోయేటప్పుడు ఆ జీపుల ఎంతమంది ఎక్కేటోళ్లమో చెప్తే ఇప్పటి పిల్లలు నమ్మరు. బానెట్ మీద గూడ ఇద్దరు. పోచమ్మ గుడి కాడ ఒకపారి, చెరువుకట్ట కింద ఒకపారి ఆపి, పేలికల మీద నీళ్లు పోసి, రేడియేటర్ మూతమీద తడిపిన గోనెపట్ట వేసి దూరం నిలబడి తిప్పి, ఆవిరి చల్లారినంక చెంబుతోని నీళ్లు పోసుకుంట పోయేటోళ్లం. ఎవలకూ తొందరలేదు. ఆడోళ్లు దిగి మోదుగు చెట్ల నీడకు కూసొని, దోవపొంటి తెచ్చుకున్న పేలాలు పంచుకొని, జీపు మళ్ల మొదలైనంక కొంగులు దులుపుకొని ఎక్కేటోళ్లు.

అదే ఎండకాలంల తనుగుల కాడ మానేరు దాటుడు జీపుకు పెండ్లి. వాగుల ఉత్త ఇసుక, నడుమ సన్నగ నీళ్లు. ఎడ్లబండ్లు గిల్లల దాక దిగవడి నిలబడితే, చిన్నబాపు గేరురాడు పక్కనున్న చిన్నరాడును గుంజి నాలుగు చక్రాలకు జోరు ఇచ్చి, తొందరపడకుంట ఒక్క తీరుగ నడిపి అవతలి గడ్డకు ఎక్కిచ్చేటోడు. మళ్ల ఇవతలికి వచ్చి, మోకు కట్టి, దిగవడ్డ బండ్లను గుంజేటోడు. పైసలు తీసుకోకపోయేది. గుంజిచ్చుకున్నోళ్లు ఇంటికి కొత్తిమీర కట్టలో, పుచ్చకాయో, పందెంకోడో పంపేటోళ్లు.

వానకాలం డెల్కోకు చెమ్మ. నాలుగు ప్లగ్గులకు కరెంటు పంచిపెట్టే డబ్బా అది. మిరుగుల మొదటి ముసురు పట్టిందంటే దాని నల్లటి టోపి లోపల తడి చేరి, హ్యాండిల్ ఎంత కొట్టినా ఉలుకుపలుకు ఉండకపోయేది. చిన్నబాపు టోపి విప్పి నా చేతుల పెడితే నేను వంటింట్లకు ఉరికేది. బాపమ్మ కట్టెలపొయ్యి ముందర ఒక పీట వేసి, సెగ మరీ తగలకుంట, దాన్ని అటుమలిపి ఇటుమలిపి వెచ్చవెట్టేది. జొన్నరొట్టె కాలుతున్న వాసన, బేకలైటు వెచ్చబడ్డ వాసన రెండూ కలిసి వచ్చేటివి. "మీ బండికి జలుబు చేసిందా కొడుకా" అని అడిగి, కొంగుతోని లోపల తుడిచి ఇచ్చేది. వానకాలంలనే ఇంకో పని, బ్యాటరీకి నీళ్లు పట్టుడు. డిస్టిల్ వాటర్ కొనేటంత పైసలు లేవు. దుమ్ము కొట్టుకపోయేదాక ఒకటి రెండు వానలు విడిచిపెట్టి, పెంకుల మీదికెళ్లి పడే నీళ్లు కాకుంట, వాకిలి నడుమ పీట మీద పచ్చళ్ల పింగాణీ జాడీ పెట్టి ఆకాశం నుంచి పడ్డ నీళ్లనే పట్టేటోళ్లం. ఇనుప బకెట్ల పడితే బ్యాటరీ పాడైతదని ఉస్తాద్ చెప్పిండు. ఆ నీళ్లు సీసాలల్ల పోసి, మూతలు బిగించి, అటక మీద దాచి ఏడాదంత వాడేటోళ్లం.

చలికాలం హ్యాండిల్ కాలం. పొద్దుగాల సెల్ఫ్ లేవదు, బ్యాటరీకి అంత బలం ఉండదు. ముందటి బంపర్ సందు నుంచి హ్యాండిల్ దూర్చి, కింది నుంచి పైకి ఒక్క గుంజు గుంజాలె. బొటనవేలును మాత్రం హ్యాండిల్ చుట్టూ మడవద్దు, మిగిలిన నాలుగువేళ్ల పక్కకే పెట్టుకోవాలె. ఇంజన్ ఎదురు తన్నితే బొటనవేలు విరుగుతది. మా వాడకట్టుల ఏ పోరడు హ్యాండిల్ ముట్టుకున్నా చిన్నబాపు ముందుగాల వాని చెయ్యి పట్టుకొని ఆ వేలును సర్ది, అప్పుడు విడిచేటోడు. ఆ చలిల ఇంజన్ అందుకున్న చప్పుడు వినవడితే పక్కింటి ముసలోళ్లు "తెల్లారింది, లేవుండ్రి" అని పిల్లలను లేపేటోళ్లు.

పత్తి కాలం పోయినంక, మిల్లుల పని తగ్గినంక, ఏడాదికి ఒకసారి హెడ్ విప్పుడు ఉండేది. ఆ ఇంజన్ 134 ఘనపు అంగుళాలది, అంటే 2.2 లీటర్లు, 60 గుర్రాల బలం. వాల్వులు పైన హెడ్డుల కాదు, బ్లాకులనే పిస్టన్ల పక్కన నిలబడి ఉంటయి. అందుకే హెడ్ విప్పుడు అల్కగ అయ్యేది, పైన ఉత్త మూతే గదా. మూత లేపంగనే నాలుగు పిస్టన్లు, ఎనిమిది వాల్వులు, వాటి మీద ఏడాది బొగ్గు. ఆ మసిని ఇనుముతోని గీరొద్దు, గీతలు పడతయి. మర్రికట్టె చెక్కను కొసగ చెక్కి ఇచ్చేటోడు, దానితోని ఓపికగ గీకాలె.

తర్వాత వాల్వులు నూరుడు. ఒక కట్టె, దాని కొసకు రబ్బరు బుడిపె. వాల్వు తలకు అది అతుక్కుంటది. అంచుకు నూరే పేస్టు సన్నగ రాసి, కట్టెను రెండు అరచేతుల నడుమ పెట్టి అటూ ఇటూ తిప్పాలె, బాపమ్మ కవ్వంతోని సల్ల చిలికినట్టు. నాలుగు తిప్పులకు ఒకసారి లేపి, కొంచెం జరిపి, మళ్ల. మొదట గరగరమని ఇసుక చప్పుడు వస్తది. పోను పోను చప్పుడు మెత్తబడి, అరచేతులకు జారుతున్నట్టు తెలుస్తది. అప్పుడు ముతక పేస్టు తుడిచి సన్న పేస్టు. చిన్నబాపు పరీక్ష కఠినం. పెన్సిల్‌తోని వాల్వు అంచు చుట్టూ గీతలు గీసి, దాని సీట్ల ఒత్తి ఒక్క తిప్పు తిప్పి బయటికి తీస్తడు. గీతలన్ని తెగిపోతేనే పాసు. ఒక్క గీత తెగకుంట మిగిలినా మళ్ల నూరుడే. పొద్దుగూకేదాక ఎనిమిది వాల్వులు. అరచేతులు మండేటివి, బాపమ్మ రాత్రి వెన్న రాసేది. మర్నాడు హెడ్ బిగించేటప్పుడు నట్లను నడుమ నుంచి మొదలువెట్టి బయటిదిక్కు, కొంచెం కొంచెం, రెండు మూడు చుట్లల్ల బిగించాలె. ఒక్కదిక్కే బిగిస్తే మూత వంకరపోయి గ్యాస్కెట్ కాలుతది.

ఫీలర్ గేజు మాకు చానా ఏండ్లు లేకుండె. డెల్కో పాయింట్ల నడుమ సందు అంగుళంల యాభయ్యోవంతు ఉండాలె. చిన్నబాపు పోస్టుకార్డు ముక్కను మడిచి ఆ సందుల పెట్టి చూసేటోడు, అంటీఅంటనట్టు పోతే సరిపోయినట్టు. ఆ కార్డులు మా మేనత్త మంథని నుంచి రాసినయి. "ఇక్కడ అందరము క్షేమము" అన్న ముక్క కొన్నాళ్లు ఆయన పానాల డబ్బలనే ఉండేది. వాటర్‌పంపుకు, టైమింగ్ మూతకు గ్యాస్కెట్లు గూడ ఇంట్లనే కోసేటోళ్లం. దళసరి అట్టను ఆ మూత మీద పరిచి, గుండ్రటి సుత్తెతోని అంచుల పొంటి మెల్లమెల్లగ కొట్టుకుంట పోతే ఆ అంచు కాడ అట్ట తనంతట తనే తెగి, అచ్చం ఆ ఆకారంల ఊడివచ్చేది. సైకిల్ దుకాణం క్యాలెండర్ల అట్టలు మా జీపుల ఎన్ని పోయినయో లెక్కలేదు.

బాపమ్మకు జీపు మీద పైకి కోపమే గని, దానికి సగం మందులు ఆమె వంటింట్ల నుంచే పోయేటివి. రేడియేటర్ కారితే నీళ్లల్ల పిడికెడు పసుపు కలిపి పోసేటోళ్లం, సన్న చిల్లులను అది మూసేది. పెట్రోలు ట్యాంకు అడుగున చెమ్మ కనవడితే బట్టల సబ్బును మెత్తగ పిసికి అద్దేటోళ్లం, పెట్రోలుకు సబ్బు కరగదు. ఇగ ఆముదం. బ్రేకు రబ్బర్లకు ఇంజన్ ఆయిల్ తగిలితే ఉబ్బి పనికిరాకుంట పోతయి, ఆముదం తగిలితే ఏమీ కావు. వెనుకటి బ్రేకునూనె గూడ ఆముదంల సారాయి కలిపి చేసిందేనని ఉస్తాద్ చెప్పేటోడు. అందుకని రబ్బర్లు ఎక్కించేటప్పుడు వేళ్లకు ఆముదం రాసుకొని ఎక్కించేది. "పొద్దుగాల నా తలకు పెట్టుకునే ఆముదం సీస యాడ పోయెర" అని బాపమ్మ లొల్లి చేసేది. సీస దొరికేది టైరు పక్కన. ఎండకు కప్పు బట్ట చినిగితే దబ్బనం, గోనెదారం పట్టుకొని ఆమెనే కూసునేది, ఆ టార్పాలిన్ మీద బొంత కుట్టిన తీరుగ వరుసలు వరుసలు కుట్లు.

ఇంట్ల కానివి కమ్మరి దగ్గరికి పోయేటివి. కమాన్ పట్టీలు సాగి చదునైతే, ఆయన కొలిమిల ఎర్రగ కాల్చి, దాగలి మీద వంపు తెచ్చి, నూనెల ముంచేటోడు. బండి చక్రాలకు ఇనుప పట్టాలు ఎక్కించే చేతులకు అమెరికా కమాన్ ఏమంత పెద్దపని. ఆయనతోని గూడ కాకుంటె ఒకటే దారి, హైదరాబాదు పోవుడు. ప్యాసింజర్ బండెక్కి పోయి, పుత్లీబౌలిల సామాన్ల దుకాణాలు తిరిగి, గురువారం అయితే జుమ్మెరాత్ బజారుకు. నేల మీద గుడ్డలు పరిచి పెట్టిన తుప్పు సామాన్లల్ల చిన్నబాపు గొంతుక్కూసొని, ఒక్కొక్క ముక్క లేపి, తుప్పు మీద ఉమ్మి రాసి, పొడిచిన అంకెలను వేలితోని చదివేటోడు. దొరికిందంటే మొఖంల ఏమీ కనవడనియ్యడు. బేరం తెగినంక, సంచిల పడ్డంక, అప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి ఇరానీ చాయ తాగిచ్చేటోడు.

చిన్నబాపు పనితనం పేరు హుజూరాబాద్, పెద్దపల్లి దాక పోయింది. 1978 సెప్టెంబర్ల రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగినంక మా దిక్కు గడీలల్ల దొరలు చానామంది ఊర్లు విడిచి పట్నాలకు పోయిన్రు. గడీల కార్లు కొన్ని కొట్టాలల్లనే ఉండిపోయినయి. అట్లాంటి ఒక గడిల నుంచి పిలుపు వస్తే చిన్నబాపు వెంట నేనూ పోయిన. కొట్టంల ఒక డాడ్జ్ కారు. ఆరు సిలిండర్లు, మూడే గేర్లు, ఆ గేరురాడు స్టీరింగు కిందనే. వెనుక సీట్ల కోడి గుడ్లు పెట్టింది. కావలి తాత ఆ కోడిని లేపనియ్యలేదు, "పొదుగుతుంది అయ్యా, ఇంకో వారం ఆగుండ్రి" అన్నడు. ఆగినం. వారానికి పోయి, చిన్నబాపు ఆరు ప్లగ్గులు విప్పి, ఆ తూట్లల్ల తలా రెండు చెంచాల ఇంజన్ ఆయిల్ పోసి, ఒక రాత్రి ఒక పగలు అట్లనే విడిచిపెట్టిండు. మర్నాడు టాప్ గేర్ల వేసి నలుగురం మెల్లగ నూకితే, మొదట కదల్లే, ఇంకోపారి నూకితే లోపల ఏదో విడివడ్డట్టు తెలిసి చక్రాలు తిరిగినయి. కార్బురేటర్ కడిగి, పాయింట్లు ఉప్పు కాగితంతోని రుద్ది, కొత్త పెట్రోలు పోసి, మా జీపు బ్యాటరీ పెట్టి కొడితే, కొట్టమంత తెల్లటి పొగ కమ్మింది. ఆ పొగల నుంచి ఆరు సిలిండర్ల చప్పుడు వినవడ్డది, మా జీపు చప్పుడు కన్న ఎంతో మెత్తగ. కావలి తాత తలపాగ విప్పి చేతుల పట్టుకొని నిలబడ్డడు. ఆ కారును కొన్నాళ్లకు హైదరాబాదు నుంచి ఎవరో వచ్చి లారీల ఎక్కించుకొని పోయిన్రు.

1973ల పెట్రోలు ధర ఎగబాకినప్పటి నుంచే పెద్ద అమెరికా ఇంజన్లను పీకి డీజిల్ ఇంజన్లు పెట్టుడు మొదలయింది. మద్రాసు సింప్సన్ వాళ్ల పెర్కిన్స్ ఇంజన్లు లారీలల్ల కూసున్నయి, జీపులల్ల ట్రాక్టర్ ఇంజన్లు గూడ పెట్టిన్రు. మా జీపుకూ పెట్టుమని చానామంది చెప్పిన్రు. చిన్నబాపు వినలేదు. నడిపే రోజులు తగ్గించుకున్నడుగని ఇంజన్ మార్చలేదు. ఆయన చేసింది మంచిపని అనే నేను ఇప్పటికీ అంట. ఆ ఇంజన్‌కు కంప్రెషన్ తక్కువ, ఎంత నాసి పెట్రోలు పోసినా నడిచేది. ఆ ఓర్పు ఉన్నది గనుకనే అది మా ఊరి దాక వచ్చి, మా ఊర్ల అన్ని ఏండ్లు బతికింది. చిన్నబాపు పోయినంక, మా తమ్ముడు దాన్ని వరంగల్‌ల పాత బండ్లంటే పానం పెట్టే ఒకాయనకు ఇచ్చిండు. ఇప్పుడు దానికి మళ్ల మిలిటరీ రంగు వేసిండట, ఎఫ్ బోల్టులు అట్లనే ఉంచిండట, నడుస్తుందట. పానాల డబ్బ నా దగ్గర ఉన్నది.

మా దిక్కు పల్లెలల్ల, మిల్లుల వెనుక రేకుల కొట్టాలల్ల, గడీల వసారాలల్ల ఇట్లాంటి జీపులు, డాడ్జ్‌లు, ఫార్గోలు ఇంకా తుప్పు పట్టుకుంట ఉన్నయని నాకు తెలుసు. మీ ఇంటి వెనుక ఒకటి ఉంటే పాత ఇనుపసామాన్ల బండికి కిలోల లెక్కన వెయ్యకుండ్రి. ముందుగాల ప్లగ్గులు విప్పుండ్రి, తూట్లల్ల రెండేసి చెంచాల నూనె పొయ్యుండ్రి, ఒక రోజు ఆగుండ్రి. తర్వాత హ్యాండిల్ వేసి, బొటనవేలు మడవకుంట, మెల్లగ తిప్పి చూడుండ్రి. తిరిగిందంటే దాన్ని చేసుకోవచ్చు. ఆ పని తెలిసిన ముసలి ఉస్తాద్‌లు కాజీపేటల, కరీంనగర్‌ల ఇంకా ఒకరిద్దరన్న ఉంటరు, వాళ్లను అడగండి, వాళ్లు ఉన్నప్పుడే అడగండి.